నల్లకోటు వదిలి స్టార్టప్‌కు...

2025 ఫిబ్రవరిలో స్పాట్‌డ్రాఫ్ట్ అనే సంస్థ 5.4 కోట్ల డాలర్ల పెట్టుబడి సేకరించింది. కంపెనీలు ఒకదానితో ఒకటి రాసుకునే ఒప్పందాలను తయారు చేయడం, సరిచూడడం, గడువులు మీద పడకముందే గుర్తుచేయడం దాని సాఫ్ట్‌వేర్ చేసే పని. 2017లో మొదలైంది. వ్యవస్థాపకుల్లో ఒకరైన శశాంక్ బిజాపుర్ హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి న్యూయార్క్‌లోని పెద్ద లా సంస్థలో పనిచేశారు. మరొకరు, మాధవ్ భగత్, గూగుల్ నుంచి వచ్చారు. చట్టం తెలిసినవాళ్లూ కోడ్ తెలిసినవాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే పుట్టే ఇలాంటి సంస్థలనే లీగల్ టెక్ అంటున్నారు. బెంగళూరులో వీటి సంఖ్య ఏటా పెరుగుతోంది. ఆ సంస్థల్లోకి వెళ్లే లా పట్టభద్రుల్లో శ్రీసత్యసాయి జిల్లా పిల్లలకూ చోటుంది. ఆ చోటు ఏ షరతుల మీద దొరుకుతోందన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఆ జిల్లాలోని మడకశిర భౌగోళికంగానే బెంగళూరు వైపు మొగ్గిన ఊరు. తాలూకాకు మూడు దిక్కులా కర్ణాటకే: పావగడ, శిరా, మధుగిరి. రాయదుర్గం–తుమకూరు రైలు మార్గం ఇంకా పూర్తిగా అందుబాటులోకి రాలేదు కాబట్టి మధుగిరి మీదుగా బస్సో, హిందూపురం వెళ్లి రైలో పట్టుకోవాలి. పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల తయారీ 2019లో మొదలయ్యాక ఐటీఐ, డిప్లొమా చదివిన వాళ్లకు సొంత జిల్లాలోనే కొంత దారి కనిపించింది. ధర్మవరంలో మగ్గం ఉంది, హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడ ఉంది. లా చదివిన వాళ్లకు మాత్రం స్థానిక కోర్టులో జూనియర్‌గా చేరడం, లేదంటే ఊరు విడవడం. మధ్యేమార్గం పెద్దగా లేదు.

జూనియర్‌గా చేరితే ఏమొస్తుంది? ఈ లెక్క తెలియకుండా స్టార్టప్ ఉద్యోగాల ఆకర్షణ అర్థం కాదు. సీనియర్ వెనుక ఫైళ్లు మోసి, వాయిదాలు రాసుకుని, మెమోలు వేసే కుర్ర వకీలుకు ఊళ్లలో నెలజీతం అన్న మాటే లేదు. సీనియర్‌కు బుద్ధి పుట్టినప్పుడు ఇచ్చేది పెట్రోలుకు సరిపోతే అదే పదివేలు. ఈ దుస్థితి గుర్తించే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో లా నేస్తం పథకం తెచ్చి, మొదటి మూడేళ్లు నెలకు 5,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 జూన్‌లో మద్రాసు హైకోర్టు జూనియర్లకు కనీసం 15,000 నుంచి 20,000 రూపాయల దాకా ఇవ్వాలంది. అదే ఏడాది అక్టోబరులో భారత బార్ కౌన్సిల్ కూడా పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. సర్క్యులర్ సిఫారసు మాత్రమే, పాటించి తీరాలన్న పట్టు అందులో లేదు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకునే వీలు లేని మొదటి తరం లా పట్టభద్రుడికి ఒకటో తారీఖున ఖాతాలో పడే జీతం మామూలు విషయం కాదు. అందుకే స్టార్టప్‌కు వెళ్లేవాళ్లను డబ్బు మనుషులని కోర్టు వరండాల్లో ఎగతాళి చేయడం అన్యాయం.

ఈ రకం పని తెలుగు నేలకు కొత్త కాదు. న్యూయార్క్ కేంద్రంగా 2004లో మొదలైన క్విస్‌లెక్స్ తన పనిలో పెద్ద భాగాన్ని హైదరాబాద్‌లోనే చేయించింది. అమెరికా కంపెనీల మధ్య దావా నడుస్తుంటే లక్షల ఈమెయిళ్లు, కాగితాలు బయటికొస్తాయి. వాటిలో కేసుకు పనికొచ్చేదేది, వకీలుకూ కక్షిదారుకూ మధ్య రహస్యంగా ఉండాల్సిందేది అని ఒక్కొక్కటీ చదివి గుర్తు పెట్టాలి. హైదరాబాద్ లా పట్టభద్రులు వందలమంది ఇరవై ఏళ్ల కిందటే ఆ పనిలో ఆరితేరారు. ముంబయిలో అదే 2004లో పుట్టిన పాంజియా3ని 2010లో థామ్సన్ రాయిటర్స్ కొనేసింది, 2019లో అది ఈవై చేతికి వెళ్లింది. బోర్డు మీద పేరు మారిన ప్రతిసారీ ఉద్యోగి గుర్తింపు కార్డూ మారింది.

ఇలాంటి సంస్థలు చేసేది వకాలతా, కాదా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎ.కె.బాలాజీ కేసులో 2018 మార్చి 13న వచ్చిన తీర్పు మధ్యస్థంగా తేల్చింది. పేరు ఏం పెట్టుకున్నారన్నది ముఖ్యం కాదని, పని సారాంశంలో న్యాయవాద వృత్తి అయితే 1961 నాటి అడ్వకేట్ల చట్టం వర్తిస్తుందని, కాకపోతే వర్తించదని చెప్పింది. కంపెనీలకు ఇది ఊరట. ఆ కంపెనీల్లో కూర్చున్న లా పట్టభద్రుడికి మాత్రం తాను వకీలా, ఐటీ ఉద్యోగా అన్న ప్రశ్న అలాగే మిగిలింది.

దీన్ని ఇంకాస్త విప్పి చూడాలి, ఎందుకంటే ఆఫర్ లెటర్ అందుకున్న ఉత్సాహంలో చాలామంది దాటేసే సంగతి ఇదే. బార్ కౌన్సిల్ నియమావళిలో 49వ నిబంధన ప్రకారం ప్రాక్టీసు చేస్తున్న వకీలు పూర్తికాలం జీతగాడిగా ఎక్కడా పనిచేయకూడదు. ఉద్యోగంలో చేరితే ఆ సంగతి తన పేరు నమోదైన రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేసి, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ప్రాక్టీసు ఆపాలి. దీన్ని పాటించని వాళ్లు తక్కువేం కాదు. జేబులో ఐడీ కార్డు, బీరువాలో నల్లకోటు పెట్టుకుని రెండు పడవల మీద నడిచే వాళ్లున్నారు. పట్టుబడితే పోయేది సనదే.

2025 మే 20న పరిస్థితి మరింత బిగిసింది. సుప్రీంకోర్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్.గవాయ్ ధర్మాసనం, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు న్యాయవాదిగా ప్రాక్టీసు చేసి ఉండాలన్న పాత నిబంధనను తిరిగి తెచ్చింది. పదేళ్ల అనుభవం ఉన్న వకీలు ధ్రువపత్రం ఇస్తే, దాన్ని అక్కడి ప్రధాన న్యాయాధికారి ఆమోదించాలి. న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్ని లెక్కలోకి తీసుకోవచ్చంది. స్టార్టప్‌లో ఒప్పందాలు సరిచూసిన కాలానికి ఆ వెసులుబాటు లేదు. మడకశిర, పెనుకొండ, ధర్మవరం లాంటి ఊళ్ల నుంచి లా చదివే పిల్లల్లో చాలామందికి, వారి తల్లిదండ్రులకు మరీ ముఖ్యంగా, జడ్జి ఉద్యోగం పెద్ద కల. ఇరవై నాలుగేళ్లకు స్టార్టప్‌లో చేరి నాలుగేళ్లు పనిచేసిన అమ్మాయి ఆ పరీక్ష రాయాలనుకుంటే ఇరవై ఎనిమిదో ఏట సీనియర్ వెనుక సున్నా నుంచి మొదలుపెట్టాలి. అప్పటికి ఇంట్లో పెళ్లి ఒత్తిడి ఎలా ఉంటుందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ నాలుగేళ్ల జీతంలో పోగొట్టుకున్న ఈ అవకాశం ఖరీదు కలిసి ఉందా? ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ వాళ్లు ఈ లెక్క చెప్పరు. చెప్పాల్సిన పని కూడా వాళ్లది కాదేమో. కానీ లా కాలేజీలు చెప్పాలి, చెప్పడం లేదు.

ఇక పని సంగతి. వేగంగా పెరుగుతున్న సంస్థలో మొదటి ఏడాది చాలామందికి నిజంగానే సంబరం. కోర్టులో పదేళ్లకు గానీ చేతికి రాని రకం పత్రాలు, అంటే వాటాల కొనుగోలు ఒప్పందాలు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, డేటా రక్షణ షరతులు, మూడు నెలల్లో కళ్లముందు పడతాయి. ఇరవైమంది ఉన్న ఆఫీసులో వ్యవస్థాపకుడు పక్క కుర్చీలోనే ఉంటాడు, మాట నేరుగా చేరుతుంది. పదవుల గోడలు లేనందున లా చదివినవాడే ఉదయం ఒప్పందం ముసాయిదా దిద్ది, మధ్యాహ్నం ఇంజనీర్లకు ‘ఈ క్లాజ్‌ను యంత్రం ఎలా గుర్తుపట్టాలి’ అని వివరించి, రాత్రి అమెరికా క్లయింటుకు డెమో ఇస్తాడు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. అలసిపోవడానికి కూడా.

సంస్థ ఇరవై నుంచి రెండు వందలకు పెరిగేసరికి ఆ పక్క కుర్చీ ఖాళీ అవుతుంది. మధ్యలో మేనేజర్లు వస్తారు. నిన్నటి దాకా నాణ్యత చూసిన చోట ఇవాళ గంటకు ఎన్ని పత్రాలన్న టార్గెట్ వస్తుంది. మూడు నెలలకోసారి బృందాలు మారతాయి, చేరినప్పుడు చెప్పిన పని పేరు మిగిలి పని మారిపోతుంది. సీటీసీలో గొప్పగా కనిపించిన అంకెలో వేరియబుల్ పే ఎంతో, చేతికొచ్చేదెంతో మొదటి నెల పేస్లిప్ చూశాక తెలుస్తుంది. పత్రాల్లో ఒక్క పదం తేడాకు క్లయింటును హెచ్చరించే మనుషులు తమ నియామక పత్రంలో నోటీసు పీరియడ్ ఎన్నాళ్లో చదవకుండా సంతకం చేయడం ఈ రంగంలో తరచూ వినిపించే వింత.

చట్టాలే మారితే పడే భారం ఇంకోటి. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. ఐపీసీలోని 511 సెక్షన్లు పోయి 358 సెక్షన్లు వచ్చాయి. న్యాయ సమాచారం అమ్మే ప్రతి సంస్థలో నోటీసు నమూనాలు, వెతుకుడు పెట్టెలు, పాత తీర్పులకు కొత్త సెక్షన్ల జోడింపు, అన్నీ తిరగరాయాల్సి వచ్చింది. 420 అనగానే మోసం అని పల్లెటూరి రచ్చబండ మీద కూడా తెలిసిన అంకె 318 అయింది. ఆ మార్పు తెర మీద క్షణంలో కనిపించేందుకు వెనక ఎవరో ఒకరు కూర్చుని ఒక్కో సెక్షన్‌నూ మరో సెక్షన్‌తో సరిపోల్చి ఉంటారు.

పెరుగుదల ఎప్పుడూ పైకే సాగుతుందన్న హామీ లేదు. ఈ రంగంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ అమెరికాలోని ఏట్రియమ్. వీడియో ప్రసార సైటు ట్విచ్ స్థాపకుల్లో ఒకరైన జస్టిన్ కాన్ 2017లో దాన్ని పెట్టారు. లా సంస్థ, సాఫ్ట్‌వేర్ సంస్థ రెండూ ఒకే కప్పు కింద నడపాలన్నది ఆలోచన. 7.5 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి వచ్చింది, పేరు మోగింది. 2020 జనవరిలో వకీళ్లలో ఎక్కువమందిని పంపేశారు. మార్చిలో సంస్థనే మూసేశారు, దాదాపు వందమంది ఉద్యోగాలు పోయాయి. సాఫ్ట్‌వేర్ లాభాల వేగం, వకీలు గంటల లెక్క ఒకదానితో ఒకటి కుదరలేదు. గమనించాల్సిందేమంటే, మొదట బయటికి నడిచింది లా చదివినవాళ్లు. లీగల్ టెక్‌లో లీగల్ అన్నది ఖర్చు పద్దు, టెక్ అన్నది ఆస్తి పద్దు అని పెట్టుబడిదారులు చూస్తున్నంత కాలం ఇది ఎక్కడైనా జరగొచ్చు.

దీనికి మన దగ్గరే ఉన్న ఎదురు ఉదాహరణ ఇండియన్ కానూన్. సుశాంత్ సిన్హా 2008 జనవరిలో దాన్ని మొదలుపెట్టారు. దేశంలోని కోర్టుల తీర్పులను ఎవరైనా ఉచితంగా వెతుక్కునే వీలు కల్పించారు. కోట్ల పెట్టుబడులు, వందల నియామకాలు, ఆ తర్వాత తొలగింపులు అన్న వరసలోకి అది వెళ్లలేదు. హిందూపురం వకీలు నుంచి సుప్రీంకోర్టు సీనియర్ దాకా రోజూ వాడేది దాన్నే. వేగంగా పెరగకపోయినా పనికొచ్చే సంస్థ నడవచ్చని దానికి పదిహేడేళ్ల పైబడిన రుజువు ఉంది.

జీతం కాస్త తక్కువైనా షేర్లు ఇస్తామన్న మాట స్టార్టప్ ఇంటర్వ్యూల్లో తప్పకుండా వినిపిస్తుంది. ఈసాప్ అంటే ఇప్పుడే చేతికొచ్చే వాటా కాదు, తర్వాత ముందే నిర్ణయించిన ధరకు కొనుక్కునే హక్కు. హక్కు ఇచ్చిన రోజుకూ అది ఉద్యోగికి దఖలు పడే రోజుకూ మధ్య కనీసం ఏడాది గడవాలని 2014 నాటి కంపెనీల నిబంధనలు చెబుతున్నాయి. పదకొండో నెలలో ఉద్యోగం పోతే దక్కేది ఏమీ ఉండదు. దఖలు పడ్డాక కొనుక్కుంటే, ఆనాటి విలువకూ కట్టిన ధరకూ తేడాను జీతంగా లెక్కేసి పన్ను వేస్తారు. షేరు ఇంకా మార్కెట్లో అమ్మే వీలు లేని దశలోనే ఈ పన్ను మీద పడుతుంది. 2020 బడ్జెట్ దీన్ని కొంతకాలం వాయిదా వేసే సదుపాయం ఇచ్చింది గానీ, ప్రభుత్వ బోర్డు ధ్రువీకరించిన స్టార్టప్‌లకే. రాజీనామా చేశాక ఎన్ని రోజుల్లో కొనుక్కోవాలన్న షరతు ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది. ఈ నాలుగు విషయాలూ కాగితం మీద చూపించని సంస్థ మాటగా చెప్పిన షేర్లకు సున్నా విలువ కట్టుకుని జీతం మాట్లాడుకోవడమే తెలివైన పని.

మరి ఈ సరిహద్దు పిల్లల దగ్గర ఉన్న ప్రత్యేకత ఏమిటి? ఇక్కడ మన వాళ్లు తమను తాము తక్కువ అంచనా వేసుకుంటున్నారు. మడకశిర, అమరాపురం, గుడిబండ, రొళ్ల వైపు ఒకే కుటుంబానికి ఇటు ఆంధ్రలో, అటు కర్ణాటకలో భూములుండడం మామూలు. ఇటువైపు అడంగల్, 1బి, ఈసీ. అటువైపు పహణి, మ్యుటేషన్ ఉత్తర్వులు కన్నడంలో. రెండు లిపులూ చదివి, రెండు రెవెన్యూ వ్యవస్థల వాడుక తెలిసి, పట్టాదారు పేరుకూ దస్తావేజులో పేరుకూ తేడా ఎందుకొచ్చిందో పసిగట్టగలవాళ్లు బెంగళూరులో సులువుగా దొరకరు. భూ పత్రాలను ఫోన్‌లో వెతికిపెట్టే ల్యాండీడ్ లాంటి స్టార్టప్ 2022లో వై కాంబినేటర్ అనే స్టార్టప్ పెట్టుబడి సంస్థ మద్దతుతో పైకొచ్చింది. దాని స్థాపకుల్లో సంజయ్ మండవ తెలుగువారే. ఇలాంటి సేవలకు అసలు సరుకు మన తహసీల్దారు కార్యాలయాల్లో, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ఉంది. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో సేకరించిన 8,844 ఎకరాల కథ చూసినవాళ్లకు, ఒక్కో సర్వే నంబరు వెనక ఎన్ని కాగితాలు ఉంటాయో, అవి ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతాయో తెలుసు. కన్నడం, తెలుగు, ఇంగ్లిషు మూడింటిలో పత్రం చదవగలగడం బయోడేటా చివర ‘తెలిసిన భాషలు’ అన్న వరసలో పడేసే విషయం కాదు. జీతం మాట్లాడేటప్పుడు బల్ల మీద పెట్టాల్సిన నైపుణ్యం అది.

కృత్రిమ మేధ వచ్చాక ఈ మనుషుల అవసరం తీరిపోయిందని కొందరంటున్నారు. జరుగుతున్నది చూస్తే అలా అనిపించదు. బెంగళూరు ఆదాయపు పన్ను ట్రైబ్యునల్ 2024 డిసెంబరులో బకై ట్రస్ట్ కేసులో ఇచ్చిన ఉత్తర్వులో అసలు లేని తీర్పులు కనిపించి, దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. విజయవాడలో ఒక ఆస్తి వివాదంలో కింది కోర్టు ఉత్తర్వులోకి యంత్రం కల్పించిన తీర్పులు చేరిన ఉదంతం మన హైకోర్టునూ దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేరళ హైకోర్టు 2025 జులైలో జిల్లా కోర్టులకు కృత్రిమ మేధ వాడకంపై విధానమే ప్రకటించింది. నవంబరు నుంచి సాక్షుల వాంగ్మూలాల నమోదుకు అదాలత్ ఏఐ అనే సంస్థ సాధనాన్ని వాడాలని కూడా చెప్పింది. యంత్రం రాసిన దాన్ని మనిషి సరిచూడాలి. ఆ మనిషి చాలాసార్లు స్టార్టప్‌లో అందరికంటే చిన్న జీతం తీసుకునే లా పట్టభద్రుడు. తప్పు దొర్లితే వేలు చూపేది అతని వైపే. సరిచూడ్డానికి గంటకు ఎన్ని పేజీలని టార్గెట్ పెట్టినవాళ్లు ఆ వేలికి అందరు.

రక్షణ ఎక్కడుంది? ఉద్యోగ షరతులను నిర్దేశించే స్టాండింగ్ ఆర్డర్ల చట్టం నుంచి ఐటీ, స్టార్టప్ సంస్థలకు ఇచ్చిన మినహాయింపును కర్ణాటక 2024 మార్చిలో మరో ఐదేళ్లు పొడిగించింది. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ, సమస్యల పరిష్కార కమిటీ ఉండాలని, తొలగింపుల వివరాలు కార్మిక శాఖకు చెప్పాలని షరతులు పెట్టింది. ఆ కమిటీల్లో ఎవరున్నారో తెలిసిన ఉద్యోగులు ఎందరన్నది వేరే మాట. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. రాజీనామా చేసినా, తీసేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’ పేరుతో నెలల తరబడి తిప్పుకునే అలవాటుకు ఇది నేరుగా అడ్డం పడే నిబంధన. అడిగేవాళ్లుంటేనే అది పనిచేస్తుంది.

ఈ ఉద్యోగాలు వద్దని ఎవరూ అనలేరు. ఇరవై మూడేళ్ల కుర్రవాడిని సీనియర్ దయ మీద బతకమని చెప్పే హక్కు ఆ సీనియర్లకు లేదు. అయితే ఇప్పుడు నష్టమంతా ఒకవైపే పడుతోంది. ప్రాక్టీసు కాలం పోయేది ఉద్యోగికి, సనదు ఆపుకోవాల్సింది ఉద్యోగి, పెట్టుబడి ఆగితే మొదట బయటికెళ్లేదీ అతనే. దీన్ని కొంతైనా సరిచేయడానికి పెద్ద చట్టాలేవీ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ సనదు ఇచ్చే రోజునే, 49వ నిబంధన, ఉద్యోగంలో చేరితే ఎలా తెలియజేయాలి, తిరిగొస్తే ప్రాక్టీసు ఎలా మొదలుపెట్టాలి, జడ్జి పరీక్షకు మూడేళ్లు ఎలా లెక్కిస్తారు అన్నవి తెలుగులో ఒక్క పేజీలో రాసి ప్రతి యువ న్యాయవాది చేతికీ ఇవ్వాలి. జిల్లాలోని బార్ అసోసియేషన్లు జూనియర్లకు నెలవారీ భృతి సర్క్యులర్‌ను తమ సభ్యుల ముందు పెట్టి, పాటిస్తారో లేదో తీర్మానం చేయాలి. బెంగళూరు బస్సెక్కేవాళ్లు చేరే రోజు కంటే ముందే నియామక పత్రం తెప్పించుకుని, నోటీసు పీరియడ్, వేరియబుల్ పే, షేర్ల షరతులు, పని వివరణ చదివి, అర్థం కాని చోట రాతపూర్వకంగా అడగాలి. జవాబివ్వని సంస్థను మానుకోవడానికి అది చాలినంత కారణం.